నారింజ పిప్పి పరీక్ష

పాలు పితకడం అవగానే ఎర్ర రిబ్బను గొర్రెలకు నారింజ పిప్పి, నీలం రిబ్బను గొర్రెలకు మామూలు ఎండుగడ్డి. ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం ఇంతే. ఇందులో పొరపాటుకు చోటెక్కడుందో ఎంత వెతికినా ఆమెకు కనిపించలేదు.

ఆ ఏడు గడ్డి దొరకడం గగనమైపోయింది. మేపలేం, మంద అమ్మేద్దామని భర్త అప్పటికే గొర్రెల వ్యాపారికి కబురు పెట్టాడు. పుట్టిన పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, సీసాతో పాలు పట్టి ఆమె పెంచిన మంద అది. పరుగున పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లింది.

"పళ్లరసం ఫ్యాక్టరీ వాళ్లు రసం పిండాక తొక్కా గుజ్జూ పారబోస్తున్నారమ్మా. పాడిగొర్రెలకు అది మంచి మేత. కానీ చీజ్ కంపెనీ వాళ్లు ఉత్త మాట నమ్మరు. సగం గొర్రెలకు పెట్టు, సగానికి పెట్టకు. నెల తర్వాత పాలు కొలుద్దాం. పిప్పి తిన్నవాటి పాలు చిక్కబడితే మంద మొత్తం పాలూ వాళ్లే కొంటారు" అన్నాడాయన.

"చిక్కబడకపోతే?"

"మీ ఆయన కబురు పెట్టాడుగా!"

భర్త కూడా ఉత్సాహంతో ఉరకలేశాడు. మామగారికి మాత్రం నచ్చలేదు. నిమ్మకాయనూ పాలగిన్నెనూ ఒకే అలమరలో పెట్టనివ్వని మనిషి ఆయన.

"పుల్లటిది తగిలితే పాలేమవుతాయమ్మా?" అని అడిగారు.

"విరుగుతాయి మామయ్యగారూ. కానీ ఇది వెళ్లేది గొర్రె పొట్టలోకి."

"పాలు మాత్రం ఎక్కణ్నుంచి వస్తాయి? పొదుగులోనే విరిగి కూర్చుంటే పితుకుతావా, చెంచాతో తీస్తావా?"

కోడలు నవ్వింది. ఆయన నవ్వలేదు. మర్నాటి నుంచి ఆమె పిప్పి వేసి, పాలడబ్బాలు కడగడానికి లోపలికి వెళ్లగానే, ఆయన చడీచప్పుడు లేకుండా ఎర్ర గొర్రెల తొట్టి ఖాళీ చేసేవారు. పిప్పినంతా దొడ్డి వెనక ఉన్న పాత పీపాలో పోసేవారు. పాపం అవి పస్తుండకూడదని, నీలం గొర్రెలు వదిలేసిన గడ్డి ఏరి వాటి ముందు వేసేవారు. తర్వాత చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు పేపరు ముందేసుకునేవారు.

కోడలు తిరిగొచ్చేసరికి తొట్టి అద్దంలా ఉండేది.

"ఏమండీ! రండి, రండి! ఒక్క తొక్కైనా మిగల్లేదు!"

భర్త వంగి చూసి కళ్లు పెద్దవి చేశాడు. "ఇవి తినలేదోయ్, తొట్టిని నాకేశాయి! ఇంత ఇష్టమైతే రేపట్నుంచి రెండింతలు తెస్తాను."

తెచ్చాడు. ఆ వారమే మామగారికి నడుం పట్టేసింది. ఎందుకు పట్టేసిందో ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఇక అత్తగారు. ఆవిడకు పరీక్ష సంగతి అర్థం కాక కాదు, అర్థమయ్యే బాధపడింది. ఒకే చూరు కింద సగం మందికి పళ్లూ, సగం మందికి గడ్డీ పెట్టడం ఆవిడెరిగిన వడ్డన కాదు. పైగా నీలం గుంపులో బుంగమూతి అని ఒక గొర్రె ఉంది. ఆవిడ కనిపిస్తే చాలు, మెడ సాచి, కళ్లార్పకుండా చూసేది.

"అట్లా చూడకే తల్లీ! ఈ రూలు నాది కాదు, మీ అమ్మది" అని ఆవిడ సంజాయిషీ ఇచ్చుకునేది.

ఒక మధ్యాహ్నం కోడలు పాలకేంద్రంలో పాలు పోయడానికి వెళ్లింది. తండ్రీ కొడుకులు కునుకు తీస్తున్నారు. దొడ్డి వెనక పీపా నిండా ఘుమఘుమలాడే పిప్పి అత్తగారి కంటబడింది. ఎర్రవాటికి వెయ్యగా మిగిలిందనుకుంది. మిగిలింది పెడితే పరీక్షకొచ్చే నష్టమేమిటి? బుంగమూతికి దోసెడు పెట్టింది. పక్కది చిన్నబుచ్చుకుంటుందని దానికీ పెట్టింది. ఆఖరికి పీపా అడుగు కనిపించింది. అప్పట్నుంచి ఆవిడ మధ్యాహ్నం నడుం వాల్చడం మానేసింది.

ఖాళీ పీపా చూసి మామగారు, కొడుకే చెత్త అనుకుని ఎరువు గుంటలో పోస్తున్నాడని తృప్తిపడ్డారు. నీలం గొర్రెలు గడ్డి ముట్టడం తగ్గించాయి. అలిగాయనుకుంది కోడలు. పరీక్ష ఇంత బాగా సాగుతుంటే ఆగలేక, భర్త ఊరంతా చాటింపు వేసినంత పని చేశాడు.

కొలిచే రోజు రానే వచ్చింది. డాక్టరు మిషను పట్టుకొచ్చాడు. చీజ్ కంపెనీ మేనేజరు వచ్చాడు. ఎందుకైనా మంచిదని గొర్రెల వ్యాపారి కూడా తాళ్లతో వచ్చి గోడవారన నిలబడ్డాడు. కోడలు కొత్త చీర కట్టుకుంది. ఎర్ర గొర్రెల రిబ్బన్లు కూడా ఉతికి ఆరేసి మళ్లీ కట్టింది.

రెండు గుంపుల పాలూ విడివిడిగా మిషనులో పోసి డాక్టరు ఒకసారి చూశాడు. మిషను తట్టి మళ్లీ చూశాడు.

"అమ్మా, ఎర్రవాటి పాలు పల్చబడ్డాయి. కొలతా కాస్త తగ్గింది. నీలంవాటివైతే... ఇంత చిక్కటి పాలు ఈ చుట్టుపక్కల నేను చూళ్లేదు."

"గడ్డే నయమన్నమాట" అని మేనేజరు సంచీ మూసేశాడు.

"ఆ గడ్డి కొనలేకే కదండీ ఇదంతా!" అంది కోడలు. భర్త ఆమె మొహం చూడలేక వ్యాపారికి తలూపాడు. మొదటి తాడు ఎర్ర రిబ్బను పక్కనే పడింది.

నీలాలు కూడా పిప్పి తిన్నాయే, మరివి ఎలా బాగుపడ్డాయని అత్తగారు నోరు తెరిచి, భయపడి మూసేసింది. ఈలోగా మామగారు ముందుకొచ్చారు. నెల రోజులు అణచుకున్న మాట ఆయన పెదాల మీదికి పొంగుకొచ్చింది.

"చెప్పానా! పుల్లటిది పాలకు పడదని నెత్తీ నోరూ కొట్టుకున్నానా! నేనుండబట్టి సరిపోయింది. ఒక్క ఎర్ర గొర్రె నోట్లోకీ ఒక్క తొక్క పోనివ్వలేదు!"

అంతా ఆయనవైపు తిరిగారు.

"ఏమన్నారు మామయ్యగారూ?"

"రోజూ ఎత్తి పీపాలో పోశానమ్మా. నడుం పోయింది, అయినా వదల్లేదు."

"అయితే ఎర్రవి పిప్పి తిననే లేదా?"

"నేను తిననిస్తానా?"

"మరి తినకుండానే పాలెందుకు తగ్గాయి?"

మామగారు వంగి ఎర్ర గొర్రెల పొదుగులకేసి చూశారు.

"ఏవండీ, ఆ పీపాలో పోసింది మీరా?" అంది అత్తగారు సన్నగా.

"నీకు పీపాతో పనేమిటే?"

"మిగిలిందనుకుని రోజూ బుంగమూతికీ వాళ్లకీ పెట్టేశానండీ!"

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే పిప్పి తిన్నవి నీలాలు, ఎంగిలి గడ్డి తిన్నవి ఎర్రవి. మీలో ఒక్కరే తప్పు చేసుంటే నా పరీక్ష మట్టిగొట్టుకుపోయేది. ఇద్దరూ చెయ్యబట్టి నిలబడింది."

కోడలికి లెక్క తేలడానికి ఒక క్షణం పట్టింది. తేలగానే కేక పెట్టి అత్తగారిని వాటేసుకుంది. "పనిచేసింది అత్తయ్యా! పిప్పి పనిచేసింది!" పరుగెత్తి వెళ్లి వ్యాపారి చేతిలో తాడు లాగేసుకుంది. అతను తిరిగి లాగలేదు.

"ఏది ఏం తిందో నాకనవసరం" అని మేనేజరు సంచీ మళ్లీ తెరిచాడు. "మంద మొత్తం ఇలాంటి పాలిస్తే రేపట్నుంచే బండి పంపిస్తాను."

"మరి నా సంగతి?" అన్నాడు వ్యాపారి.

"భోంచేసి వెళ్లు నాయనా" అంది అత్తగారు.

ఆ పూట భోజనాల దగ్గర, ఎవరి కంచంలోది వాళ్లే తినేదాకా కోడలు అక్కణ్నుంచి కదల్లేదు.