డబ్బా గుర్తుపట్టిన కుటుంబం

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్లు: నాన్న, అమ్మ, నానమ్మ, తలుపుకి దొంగల అలారం బిగించడానికి వచ్చిన మెకానిక్, ఆ అలారాన్ని మన నోటిమాటతో నడిపించే గుండ్రటి డబ్బా, నేను. నన్ను చివర రాయడం వినయం కాదు. మా ఇంట్లో లెక్కపెట్టే వరుసే అది.

మా ఇంట్లో ఎప్పుడూ దొంగతనం జరగలేదు. దొంగకి పనికొచ్చే వస్తువేదీ లేకపోవడమే కారణమని నానమ్మ అభిప్రాయం. కానీ ఎదురింటివాళ్లు అలారం పెట్టించుకున్నారు. దాంతో వాళ్లింట్లో ఏదో ఉందని వీధంతా అనుకోసాగింది. మనింట్లోనూ ఏదో ఉందని అనుకోవాలి కదా అన్నారు నాన్న.

నాన్న ఆఫీసులో సూపరింటెండెంట్. అలారం బిగించడం పూర్తికాగానే కుర్చీలోంచి లేచి ప్రసంగించారు.

"నేటి నుంచి ఈ ఇంటికి మన గొంతే తాళంచెవి! తాళంచెవి పోవచ్చు, పరుల చేతికి చిక్కవచ్చు. గొంతు మాత్రం ఎక్కడికీ పోదు!"

"జలుబు చేస్తేనో, నాయనా?" అంది నానమ్మ.

ఆ ప్రశ్న ఇంకా పరిశీలనలో ఉంది.

పద్ధతి చాలా తేలిక. తలుపు తీసిన అర నిమిషంలో "నేను ఇంటికి వచ్చాను" అనాలి. డబ్బా గొంతు గుర్తుపడితే స్వాగతం చెబుతుంది. లేకపోతే వీధి చివరిదాకా వినపడేలా అలారం కూస్తుంది. అందుకని సభ్యులందరూ ఆ మాటని ముందుగా అయిదేసిసార్లు డబ్బాకి వినిపించి నమోదు కావాలి.

ఎలా అనాలో చూపించడానికి మెకానిక్ తనే అయిదుసార్లు అన్నాడు. డబ్బా వెంటనే అతన్ని ఇంటి యజమానిగా రాసుకుంది.

"అయ్యో, తీసెయ్యి బాబూ" అంది అమ్మ.

"యజమానిని తియ్యడం కుదరదండీ. అయినా నేనేమన్నా పరాయివాణ్ణా?" అన్నాడు అతను. నాన్న రెండో స్థానంలో నమోదయ్యారు.

ప్రసంగం ఊపు ఇంకా తగ్గకముందే నమోదయ్యారు కాబట్టి డబ్బాకి ఆ గొంతే తెలుసు. ఇప్పుడు రోజూ సాయంత్రం నాన్న గుమ్మంలో చెప్పులు విడిచి, గొంతు సవరించుకుని, చెయ్యెత్తి, తాను ఇంటికి వచ్చిన సంగతిని సభకి తెలియజేస్తారు. అమ్మ నమోదయ్యే సమయానికి పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. అందుకని కోపంగా అంటే తప్ప అమ్మని గుర్తుపట్టదు. మనసు ప్రశాంతంగా ఉన్న రోజున అమ్మ గుమ్మంలో ఒక్క క్షణం ఆగి నాన్న గురించి ఆలోచించుకుంటుంది. వెంటనే గొంతు కుదురుతుంది. నానమ్మ అయితే "నాలుగేళ్లుగా గడప దాటనిదాన్ని, నేను వచ్చేదేమిటే నీ మొహం!" అని డబ్బాని తిట్టి, ఆ తిట్లతోనే నమోదైపోయింది.

తర్వాత నా వంతు వచ్చింది. నేను అన్నాను.

"ఎవరూ మాట్లాడటం లేదు" అంది డబ్బా.

దగ్గరికి జరిగి మళ్లీ అన్నాను. పెదాలు ఆనించి కూడా అన్నాను. ఎవరూ మాట్లాడటం లేదనే చెప్పింది.

"సిగ్గెందుకమ్మా? ఎవరినో తిడుతున్నావనుకుని చెప్పు" అన్నాడు మెకానిక్. "నేను ఇంటికి వచ్చాను" అని కాగితం మీద రాసి చూపించాను. చేతిరాత బాగుందని మెచ్చుకున్నాడు. డబ్బాకి చదువు రాదన్నాడు.

నిజానికి ఇది మా కుటుంబ ప్రతిష్ఠకి సంబంధించిన విషయం. పదహారేళ్లలో నా గొంతు పక్క గదిలోకి వెళ్లలేదని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ నానమ్మ చెబుతుంది. "బంగారంలాంటి పిల్ల, ఇంట్లో ఉందో లేదో కూడా తెలియదు" అని వాళ్లు మెచ్చుకుంటారు. మీరూ ఎక్కడో ఒకచోట ఎవరో ఒక పిల్లని ఇలాగే మెచ్చుకుని ఉంటారు. డబ్బా అన్నదీ అదే. కాకపోతే దానికి మెచ్చుకోవడం తెలియదు.

నాన్న ఉత్తర్వు జారీచేశారు. వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి సభ్యుల జాబితా మూసేస్తారు. ఈలోగా నమోదు కానివాళ్లని శాశ్వతంగా అతిథులుగా పరిగణిస్తారు.

సోమవారం బడి నుంచి వచ్చి, నా తాళంచెవితో తలుపు తీసి, "నేను ఇంటికి వచ్చాను" అన్నాను. అలారం కూసింది. ఎదురింటివాళ్లు కర్రలతో వచ్చారు. అలారం బాగా పనిచేస్తోందని నాన్న సంతోషించి నా తాళంచెవి తీసేసుకున్నారు. అప్పటి నుంచి మూడింటికి బడి వదిలితే, ఆరింటికి అమ్మ పని నుంచి వచ్చేదాకా మెట్ల మీద కూర్చోవాలి. లోపల నానమ్మ నిద్రపోతుంటుంది. నేను పిలిస్తే ఆవిడకీ వినపడదు. బుధవారం వాన పడింది. అతిథులకి గొడుగు ఇచ్చే నిబంధన లేదు.

గురువారం నుంచి పిండి మరకి వెళ్లడం మొదలుపెట్టాను. ఆ చప్పుడులో ఎంత అరిచినా ఎవరికీ వినపడదు. నోరు తెరిచి మూస్తుంటే చూసి, పొలమారిందనుకుని మర నడిపే ఆయన మంచినీళ్లు ఇచ్చాడు. శనివారం నేను అరుస్తుండగా హఠాత్తుగా మర ఆపేశాడు.

"నేను ఇంటికి వచ్చాను!" అని మరంతా మోగింది.

"ఇది ఇల్లు కాదమ్మా, మర" అన్నాడు ఆయన. నా మాటకి జవాబు వచ్చింది! ఇంటిదాకా పరిగెత్తాను.

ఆదివారం అయిదుకి పావు తక్కువ. జాబితా మూయడానికి వచ్చిన మెకానిక్‌కి డబ్బా స్వాగతం చెప్పింది, అమ్మ టీ ఇచ్చింది. నన్ను గుమ్మం బయట నిలబెట్టారు. కళ్లు మూసుకుని, మరని తలుచుకుని, అయిదుసార్లు అరిచాను. ఆ అరుపులకి ఎదురింటి అలారం మోగింది.

"కొత్త సభ్యురాలికి స్వాగతం" అంది డబ్బా. ఆ ఇంట్లో నాకెవరైనా స్వాగతం చెప్పడం అదే మొదటిసారి. మెకానిక్ చప్పట్లు కొట్టాడు. నానమ్మ చెవులు మూసుకుని "ఎవరి పిల్లరా ఇది?" అంది.

నాన్న గబగబా గుమ్మంలోకి వచ్చి వీధి అటూ ఇటూ చూశారు. అరుగుల మీద జనం నిలబడి ఉన్నారు.

"ఆడపిల్లవి, ఏమిటా గొంతు? పరువు తీస్తావా? ముందు తగ్గించు, తర్వాత లోపలికి రా."

"పిల్లని రానివ్వండి ముందు!" అని లోపలినుంచి అమ్మ కోపంగా అరిచింది. డబ్బా గొంతు గుర్తుపట్టి అమ్మకి స్వాగతం చెప్పింది.

నేను తగ్గించాను. ఎప్పటిలాగే, "నేను ఇంటికి వచ్చాను" అన్నాను.

"ఎవరూ మాట్లాడటం లేదు" అంది డబ్బా.

"అదీ! అలా ఉండాలి" అని వీధికి వినపడేలా మెచ్చుకుని, నేను ఇంకా బయట ఉండగానే నాన్న తలుపు వేసేశారు.