వంకర గోడకు తిన్నని దారం

శుక్రవారం పొద్దున్నే హన్మాండ్లు వేసిన ప్లాను గీత గీసినంత తిన్నగా ఉంది. ముందు ఖతర్ ఉత్తర తీరాన ఇసుకలో కూరుకుపోయిన పాత పట్నం, మధ్యాహ్నం ఉప్పు సముద్రం, సాయంత్రం వెలుతురుండగానే లుసైల్ అనే కొత్త నగరంలో తాను పనిచేసిన నలభై అంతస్తుల టవరు. అతడు సైటు మీద మార్కింగ్ ఫోర్‌మన్. దారం కట్టి గోడ ఎక్కడ లేవాలో చూపించడం అతని పని. కొలతలో వేలెడు తేడా వస్తే రోజంతా కలత.

ప్లానులో టవరే అసలైంది. తల్లి ఆంజనమ్మ, భార్య గంగామణి విజిట్ వీసా మీద వచ్చి నెల కావస్తోంది. మర్నాడే విమానం. సెలవు దొరికింది ఈ ఒక్క శుక్రవారమే. ఊళ్ళో ఆంజనమ్మ తమ్ముడు, గల్ఫ్ అంతా దుబాయే అనుకునే గంగన్న పన్నెండేళ్ళుగా ఒకటే ప్రశ్న అడుగుతున్నాడు: "ఏందక్కా, దుబాయ్‌ల మీవోని పని ఇంకా ఒడుస్తలేదా?" పని ముగిసిందని చెప్పి ఆ నోరు మూయించాలంటే ఆంజనమ్మ టవరును కళ్ళారా చూసి వెళ్ళాలి.

అల్ వుకైర్ నుంచి స్నేహితుడు రఫీక్ కారు తెచ్చాడు. "యల్లా పెద్దమ్మా, ఎక్కు ఎక్కు!"

"అవ్వా, ఇయ్యాల నేను కట్టిన పట్నం చూపిస్త," అన్నాడు హన్మాండ్లు. ఆ ఒక్క మాట చెవిలో వేసుకుని ఆంజనమ్మ నిద్రపోయింది. ఏసీ గాలి ఆమెకు జోలపాటతో సమానం.

గంటన్నర తర్వాత కళ్ళు తెరిస్తే ఎదురుగా మోకాలెత్తు మొండి గోడలు. తలుపు లేదు, కప్పు లేదు.

"గిదేనారా నువ్వు కట్టింది? పన్నెండేండ్లకు మోకాలు దాకనా?"

రఫీక్ స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వాడు. శిథిలాలు చూపించబోతే ముందు హన్మాండ్లు పరువే శిథిలమైంది.

"ఇది నేను కట్టలేదే అవ్వా! రెండొందల ఏండ్ల కిందటి ఊరు. ముత్యాల యాపారం జేసేటోళ్ళు ఉండిండ్రంట."

"మరి ఆ దారమేంది, నిన్న గట్టినట్టున్నది?"

నిజమే. గోడల వెంట మేకులు కొట్టి తెల్లదారం కట్టి ఉంది. తవ్వకాలవాళ్ళ పని. ఆంజనమ్మ భర్త వెంట నలభై ఏళ్ళు గోడలు లేపింది. మేస్త్రీ అన్న మాటలోనే స్త్రీ ఉందని ఆర్మూరు చుట్టుపక్కల నిరూపించిన మనిషి. ఒక కన్ను మూసి దారం వెంట చూసింది.

"మూల కుదరలే బిడ్డా. వంకర వోయింది. నీకు కానస్తలేదా? ఏం ఫోర్‌మన్‌వురా?"

ఆ చివరి మాట మేకు కంటే లోతుగా దిగింది. సెలవు రోజున కూడా జేబులో ఉండే టేపు బయటికొచ్చింది. మూల సరిగ్గా ఉంటే, అటు మూడు అడుగులు, ఇటు నాలుగు కొలిస్తే ఏటవాలుగా ఐదు రావాలి. ఐదు దాటి నాలుగు వేళ్ళు ఎక్కువొచ్చింది.

"బోర్డు మీద ఏందో రాసున్నది, అడ్డం గట్టిన తాడు దాటకు," అంది గంగామణి. దాటేశాడు.

ఒక మేకు పీకి సరైన చోట రాయితో కొట్టాడు. దాంతో రెండోది తప్పయింది. రెండోది సరిచేస్తే మూడోది. పదకొండో మేకు దగ్గరికొచ్చేసరికి చుట్టూ జనం మూగారు. ఒక ఫిలిప్పినో కుటుంబం ఫోటోలు తీస్తోంది. "ఈయన ఎవరు?" అని ఎవరో అడిగితే, జీవితంలో ఎవరినీ నిరాశపరచని రఫీక్, "బిగ్ ఎక్స్‌పర్ట్!" అన్నాడు. హన్మాండ్లు నెత్తిన కంపెనీ టోపీ చూసి కాపలాదారు కూడా నమ్మి, టేపు రెండో కొస పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే తవ్వకాల మేడం జీపు దిగింది. పేరు సబ్రీన్, పుట్టింది హైదరాబాద్‌లో. వాళ్ళ తెలుగు విని తెలుగులోనే అరిచింది. "యా అల్లా! ఎవరు జేసిండ్రు ఇది?"

"నేనే మేడం. సక్కగ చేసిన. మూలకు మూల."

"ఇల్లు కట్టనీకి కాదు భాయ్ ఆ దారం! పాతోళ్ళు గోడ ఎట్ల కట్టిండ్రో అట్లనే కాయితం మీద ఎక్కించనీకి. గోడ వంకరుంటే నాకు వంకరే గావాలె!"

వాళ్ళకు ఆ దారమే ఆధారం. హన్మాండ్లు కళ్ళ ముందు వీసా గాలిపటంలా ఎగిరింది. "మాఫీ మేడం," అన్నాడు. ఆ మాటకు ఉర్దూలో క్షమాపణ, గల్ఫ్ అరబ్బీలో 'లేదు' అని అర్థం. అతనికి రెండూ కుదిరాయి: క్షమాపణ అడిగాడు, మొహంలో నెత్తురు లేదు.

ఆంజనమ్మ మాత్రం ఇంకా గోడనే చూస్తోంది. "ఏమ్మా, ఆ కాలం మేస్త్రి గోడనెందుకు పక్కకు జరిపిండు?"

"అదే తెలుస్తలేదు పెద్దమ్మా. ఏడాది సంది చూస్తున్న."

"ఈ అర్ర నేల జూడు. గాడులు గాడులుగ, ఆ మూలకు వాలున్నది. ఏదో కారే సరుకు వెట్టిండ్రు. ఆ మూలకు కుండ వట్టాలె గదా? అందుకే గోడను జరిపిండు. వంకర గాదు బిడ్డా, తెలివి."

మేడం కోపం సగంలో ఆగింది. "ఇది ఖర్జూరాల గది. బస్తాలు పేరిస్తే పాకం గాడుల్ల కారుతది... కుండకు జాగ!" అంటూ పుస్తకం తీసి గబగబా రాసుకుంది.

మాఫీ దొరికింది, షరతు మీద. పాత ఫోటోలు చూసి పదకొండు మేకులూ వంకరగా, ఉన్నవి ఉన్నట్టు తిరిగి కొట్టాలి. తిన్నగా కట్టడానికి గంట పట్టింది. వంకరగా కట్టడానికి నాలుగు గంటలు.

సముద్రం చేరేసరికి పొద్దు వాలింది. హడావుడిలో గంగామణి పులిహోరలో ఉప్పు మరిచిపోయింది. సముద్రపు నీళ్ళు నాలుక మీద వేసుకుని, "నేను మర్చిన ఉప్పంత ఈడనే వోశిండ్రు!" అంది. ఆంజనమ్మ మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, ఇంత ఉప్పులో చేపలకు దాహం వెయ్యదా అని రఫీక్‌ను నిలదీసింది.

లుసైల్ దగ్గరికి వచ్చేసరికి ఆమె మళ్ళీ ఏసీ ఒడిలో ఉంది. హన్మాండ్లు భుజం పట్టి కుదిపాడు. "అవ్వా, అగో టవరు!" ఆంజనమ్మ ఒక కన్ను తెరిచి, "మంచిగున్నది. ఎవలు గట్టిండ్రో పాపం," అని, జవాబు వినకుండానే మూసేసింది.

మర్నాడు ఎయిర్‌పోర్టులో గంగన్న ఫోను. "చూసినవా అక్కా, మీవోని పని?"

ఆంజనమ్మ అబద్ధమాడే మనిషి కాదు. "నా కండ్లతోని చూసిన తమ్మీ. మావోడు అంత సక్కగ కట్టిండు. మేడం వచ్చి, ఇప్పి మళ్ళ వంకర కట్టుమన్నది. మాపటి దాక అదే పని."

హన్మాండ్లు ఫోనుకు చెవి ఆనించాడు.

"గట్లనా అక్కా! అందుకే పన్నెండేండ్లయినా ఒడుస్తలేదు."