గండయ్య తంతి సంధానము

స్వస్తి! సర్కారు నిధులు రాజధానిలో ఏరులై పొంగి, పల్లె పొలిమేరకు రాగానే ఇంకిపోవు పుణ్యకాలమున, పందొమ్మిది వందల తొంబది తొమ్మిదవ సంవత్సర జూన్ మాసమున, నార్కట్‌పల్లి చౌరస్తాకు రెండు కోసుల దూరముననున్న చేనేత గ్రామమున, గ్రామీణ అంతర్జాల కేంద్రమను మహాదుర్గము వెలసెను. దానికి శిలాఫలకము వచ్చెను, రంగుల బోర్డు వచ్చెను, రిబ్బను కత్తిరింప మంత్రివర్యుడును వచ్చెను. ఫోను తీగను మోయు స్తంభాలు మాత్రం రాలేదు. ఆ తీగ వేపకొమ్మలను పట్టుకొని, దేవునిపై భారం వేసి వేలాడుచుండెను.

ఆ దుర్గమును ముట్టడించెను మగ్గరణధీరుడు, నలుబదేండ్లు పోగుల నడుమ నాడె విసరిన ప్రచండబాహుడు గండయ్య. పదవ తరగతి ఫలితాల పేపరులో, సరిగ్గా ఆయన బిడ్డ లీల నెంబరుండవలసిన చోటనే మడత పడి అచ్చు అలికిపోయెను. పాసైతే నల్గొండ కాలేజీ, దరఖాస్తుకు గడువు మరునాడే. తప్పితే ఇంట కూర్చుండి నూలు కండెలు చుట్టుట. చుట్టీ చుట్టీ వంకరపోయిన భార్య వేళ్లు తలచుకొని గండయ్య నిజంగానే భయపడెను.

తండ్రీబిడ్డలు చూచుచుండగా కేంద్రపాలకుడు మక్సూద్ మీట నొక్కగా, తెరపై ఒక బొమ్మ పైనుంచి వరుస వరుసగా దిగసాగెను.

"అరే, గిది గూడ నేస్తాంది గద!" అని గండయ్య మురిసెను.

"జర ఆగు కాకా. ముందుగాల మంత్రి సాబ్ ఫోటో రావాలె. గాయిన వచ్చినంకనే నెంబర్ కొట్టాలె."

అమాత్యుని నుదురు వచ్చెను, కన్నులు వచ్చెను. మీసం కాడికి రాగానే గాలి వీచెను, తీగ తెగెను, తెర చీకటాయెను.

"అర్జీ పెడితే ఫోనోళ్లు నెలకొస్తరు కాకా" అనెను మక్సూద్.

అంతట గండయ్య సింహనాదమొనర్చెను: "నెలనా! తెగిన పోగు తెగినట్టు ఇడిసి ఒక్కనాడన్న పండుకున్ననా? ఎంటికంత సన్న పోగు అతికినోన్ని, గీ తీగ నాకొక లెక్కనా? సర్కారు స్తంభం నాటకపాయె, నేనే స్తంభమైత! జరుగు!"

వేపచెట్టెక్కి, రెండు కొసలందుకొని, నేతగాని అలవాటు చొప్పున వాటిని నోట తడిపెను. ఛళ్లుమని తంతి కరచెను, నాలుక మొద్దుబారెను. అయినను వీరుడు కొసకు కొస మెలిబెట్టి, గాలికి ఊడకుండ గట్టిగా పట్టుకొని కొమ్మపై కూర్చుండెను. మంత్రివర్యుడు మరల నుదుటినుండి మొదలాయెను. ఈసారి మీసం దాటెను, గడ్డం దాటెను, మెడలోని దండ కూడ దాటెను.

కేంద్రపు కిటికీలోనుండి లీల కేక వేసెను: "బాపూ! పాసైన! లెక్కల్ల ముప్పై ఐదు!"

మహావక్త పెదవి విప్పెను. మొద్దునాలుక తిరుగలేదు. "తాలు బిద్దా, తాలు" అని మాత్రమనెను. కన్నీరు తుడుచుకొనుటకు చేతులు ఖాళీ లేవు.

జయము! జయము! ముప్పది అయిదు! ఆ ఊరికి అంతర్జాలము వచ్చెను, గండయ్య చెట్టు దిగునంతవరకు ఉండెను.