అందరికీ ఇరవై

పిల్లలూ, ఈ కథ మీరెప్పుడూ వినలేదు. మీరున్న పరాయి దేశంలో దీన్ని చెప్పేవాళ్లు లేరు. అందుకే చెబుతున్నాను. లెక్కలు రెండుసార్లు సరిచూశాను, అయినా ఎక్కడైనా తప్పు కనిపిస్తే మధ్యలో ఆపి అడగండి.

ఒక పెద్ద అడవిలో సాలీళ్లు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే వల నేసి పెట్టాయి. ఎవరేం అమ్మాలన్నా ఆకు మీద ధర రాసి వలకు తగిలిస్తే చాలు. కావలసినవాళ్లు తమ చెట్టు దగ్గరి పోగు లాగితే సరుకు గుమ్మం ముందు దిగేది.

గుబురమ్మ అనే ఎలుగుబంటి ఆ వల మీద తేనె అంగడి తెరిచింది. మొత్తం ముప్ఫై కుండలు. తొలివాన పడిన రోజు ప్రతి ఇంట్లో తేనె నాకడం ఆ అడవి ఆచారం.

గుబురమ్మకు వేరే దిగులుంది. ఆ ఏడు ఆమె కొండ మీద ఇప్పచెట్లు పూయలేదు. వానాకాలమంతా తన ఇద్దరు పిల్లల కడుపు నిండాలంటే పన్నెండు వందల ఎండు ఇప్పపూలు కావాలి. అందుకే కుండకు నలభై పూలని రాసింది. ఒకటి ఎక్కువేస్తే పాపం, ఒకటి తగ్గితే పిల్లలు పస్తు. నాలుగుసార్లు చెరిపి మరీ రాసింది.

వారమైనా ఒక్క పోగూ కదల్లేదు.

ఏట్లో ఉండే నీటికుక్క జలపతి ఆకు చూసి తల గోక్కున్నాడు. "నలభై ఇప్పపూలంటే ఎక్కువా, తక్కువా వదినా? చేపల్లో చెబితేనే నాకు ధరలా అనిపిస్తుంది."

అప్పుడొచ్చాడు ముంగిస కనకలింగం. ఏ పనీ చేయడు గానీ ఏ పని ఎలా చేయాలో అందరికీ చెబుతాడు.

"అక్కయ్యా, ఎవరి పేటలో వాళ్ల లెక్క చూపించాలి. నీటికుక్కలకు ఒక చేప. కోతులకు ఇరవై నేరేడు పళ్లు. చీమలకు నాలుగు వందల నూకలు. అన్నీ నీ నలభై పూలకు సమానమే. ఏది వచ్చినా నేను పూలుగా మార్చిస్తాను. పదికి ఒకటి నాకు."

"పదికి ఒకటా? అప్పుడు నా పిల్లలకు నూట ఇరవై పూలు తగ్గుతాయి కదయ్యా!"

"అమ్మకపోతే పన్నెండు వందలూ తగ్గుతాయి."

ఆమె వెళ్లి ఆకులు కోసుకొచ్చింది. పేటకొక ఆకు వేలాడదీశారు. తెల్లారేసరికి వలంతా గలగలలాడింది. పోగులు లాగేవాళ్లు లాగుతూనే ఉన్నారు. గుబురమ్మ ఆనందం పట్టలేక పిల్లలిద్దర్నీ ఎత్తుకుని గిరగిరా తిరిగింది.

ఆ ఆనందాన్ని గోరింక చూసింది. చూసి ఊరుకోలేదు. చీమల పుట్ట మీద వాలి, "ఎర్రక్కా, మీకు నాలుగు వందలట కదా! నీటికుక్కలకు ఎంతో తెలుసా? ఒకటి!" అంది.

చీమల పెద్ద ఎర్రక్క మీసాలు నిక్కబొడుచుకున్నాయి. "ఒళ్లు చిన్నదని మాకు నాలుగు వందలా?"

"మాకు ఇరవై ఎందుకు?" అని కోతులు కొమ్మలు విరిచాయి. కుండలింకా కదలకముందే తీసుకున్న ఆర్డర్లన్నీ ఆ పూటే రద్దు.

అడవి సభ కూడింది. అధ్యక్షుడు అడవిదున్న, నెమరు వేయడం పూర్తయితే గాని తీర్పు చెప్పడు.

"అయ్యా, ఒక చేపా నాలుగు వందల నూకలూ ఒకటేనండీ," అని గుబురమ్మ చేతులు జోడించింది.

"ఒకటెక్కడ, నాలుగు వందలెక్కడ? నాకు కొమ్ములే గానీ కళ్లు లేవనుకున్నావా?" దున్న గంభీరంగా నమిలి మింగాడు. "ఇకనుంచి అందరికీ ఇరవై. సమానత్వం!"

సభ చప్పట్లతో దద్దరిల్లింది. జలపతి తోక మీద లేచి మరీ ఈల వేశాడు. ఇంటికెళ్లి కొత్త ఆకు చూశాక గాని అతనికి తెలియలేదు.

"ఇరవై చేపలా! నా కొంప ముంచారురా!"

"అందరితో సమానమే కదా బావా," అంది పక్క చెట్టు మీది కోతి, పళ్లు ఇకిలించి.

కోతులు నేరేడు పళ్లు కోయడానికి బయల్దేరే లోపే చీమలు బారులు తీరాయి. కుండకు ఇరవై చొప్పున ఆరు వందల నూకలు పోసి ముప్ఫై కుండలూ కొనేశాయి.

గుబురమ్మ ఆ రెండు గుప్పిళ్ల నూకలు పట్టుకుని కనకలింగం దగ్గరకు పరుగెత్తింది.

"నూకలకు ఇవాళ రేటు లేదక్కయ్యా," అన్నాడతను, కలుగులోంచి తల బయట పెట్టకుండానే.

ఆమె పిల్లల పక్కన కూలబడింది. చిన్నది ఆమె ఒళ్లోకి ఎక్కి, "ఈ నూకలు మనం తింటామా అమ్మా?" అని అడిగింది. ఆకాశంలో మబ్బులు దిగుతున్నాయి.

అంతలో ఎర్రక్క వల మీద తన ఆకు తగిలించింది: తేనె కుండ అరవై నూకలు. అందరికీ ఒకటే ధర. నూకలు తప్ప మరేదీ తీసుకోబడదు.

అడవంతా వెతికారు. చీమల దగ్గర కాక నూకలున్నది ఒక్క గుబురమ్మ దగ్గరే! క్షణంలో గుహ ముందు తోపులాట.

"వదినా, ఎంతకిస్తావు? పది పూలా? ఇరవయ్యా?" అని జలపతి ఒగర్చాడు.

గుబురమ్మ వేళ్లు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. ఆరు వందల నూకలు, పన్నెండు వందల పూలు.

"నూకకు రెండు పూలు. పైన ఒక్కటీ వద్దు," అంది.

కోతుల తోపుల్లోంచి, ఏటి ఒడ్డు నుంచి ఎండు ఇప్పపూలు బుట్టలు బుట్టలుగా వచ్చిపడ్డాయి. నలభై పూల కుండ నూట ఇరవై పడింది. అయినా ఒక్కరూ గొణగలేదు. పక్కవాడికీ అంతే కదా! ఆరు వందల నూకలకు వచ్చింది పది కుండలే. మిగతా ఇరవై చీమలే నాకాయి. తొలి చినుకు పడేసరికి గుబురమ్మ బుట్టలు నింపుకుని, పిల్లల్ని లోపలికి తోసి, గుహకు రాయి అడ్డం పెట్టింది.

నీతి: జనం ఎంత ధరైనా ఓర్చుకుంటారు, పక్కవాడి ధర తమకన్నా తక్కువగా కనబడనంత వరకు.

పిల్లలూ, ఈ కథను మీ బడిలో స్నేహితులకు వాళ్ల భాషలో చెప్పండి. ఇప్పపువ్వు ఎలా ఉంటుందని అడిగితే, ఎండుద్రాక్షలా తియ్యగా ఉంటుందనండి.