ఇద్దరు సూర్యుల గ్రహం

పంతొమ్మిది వందల ఎనభై ఐదులో, ఒక పొద్దున భద్రమ్మకు రెండే పనులు. పక్కింటి కిషన్ రావు సారును ఒక సందేహం అడగడం, ఆపైన నర్సంపేట బస్సెక్కడం. ఆరు నెలలు హనుమకొండలో పెద్దకొడుకు సారంగపాణి దగ్గర, ఆరు నెలలు నర్సంపేటలో చిన్నకొడుకు వెంకట్రాజం దగ్గర ఆమె వంతు. మూట నిన్ననే కట్టుకుంది.

లైబ్రరీ పుస్తకాలు చదివీ చదివీ ఆమె సొంతంగా ఒక గ్రహకుటుంబాన్ని ఊహించుకుంది. అందులో ఇద్దరు సూర్యులు. ఎవరి గ్రహాలు, ఎవరి చందమామలు వారికున్నాయి. మిగిలింది ఒక చిన్న గ్రహం. దాన్ని ఎవరి కింద చేర్చాలో తేలక ఆమెకు నిద్ర పట్టడం లేదు. సారు రిటైరయ్యేదాకా సైన్సు చెప్పినవాడు. అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు.

“ఆరు నెలలు ఈయన సుట్టు, ఆరు నెలలు ఆయన సుట్టు తిరుగుతది సారూ. ఎవల లెక్కల రాయాలె?”

“ఎవలు ఎక్కువ గుంజుకుంటే వాళ్లదే అక్కా.”

“ఇద్దరు సమానంగ గుంజితే?”

“నడిమిట్ల నిలబడ్తది.”

నల్లా కింద బిందె పెట్టిన రాజక్క చెవిన ఈ మాటలు పడ్డాయి. బిందె నిండకముందే, భద్రక్కను ఎవరు సాకాలో సారు తేలుస్తున్నాడని వాడకట్టంతా తెలిసింది. కబురు కూరగాయల బజారు చేరేసరికి పెద్దకొడుకు తల్లిని వెళ్లగొట్టాడట. బస్సెక్కి నర్సంపేట చేరేసరికి చిన్నకొడుకు గడప తొక్కనివ్వనన్నాడట.

మధ్యాహ్నానికి వెంకట్రాజం బట్టల దుకాణం మూసేసి ఊగిపోతూ దిగాడు.

“రానియ్యనని నేనెప్పుడన్న అన్ననా? నా పానమున్నన్ని దినాలు అమ్మ నాకాడ్నే ఉంటది!”

“మరి నేను ఎల్లగొట్టిన్నారా? నా గడప దాటనియ్య!” అని సారంగపాణి లేచాడు.

వాడకట్టంతా చూస్తుండగా అన్నదమ్ములు చెరో కొస పట్టి మూట గుంజారు. గ్రహం సంగతి చెప్పబోయి భద్రమ్మ నోరు మూసుకుంది. ఇద్దరూ ఒకేసారి తనను గుంజుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. ముడి ఊడి చీరలు, కళ్లజోడు, మందుసీసా నేలపాలైనా ఏరుకోలేదు.

చివరికి జాలిపడి సారే అడ్డం వచ్చాడు. “ఆగుండ్రి జర! అక్క అడిగింది ఆకాశంల గ్రహం ముచ్చట!”

ఇద్దరూ ఒక్కసారే మూట వదిలేశారు.

“గంతేనా? నా వంతు రేపట్నుంచి గద!” అంటూ వెంకట్రాజం బస్సుకు పరుగెత్తాడు.

“నాది నిన్నటితోనే అయిపోయింది,” అంటూ సారంగపాణి లోపలికి పోయాడు.

జనం ఎవరి పనుల మీద వాళ్లు చెదిరిపోయారు. సారు గొంతు సవరించుకున్నాడు. “మరి ఆ గ్రహాన్ని ఏమని రాద్దాం అక్కా?”

భద్రమ్మ కళ్లజోడు దులిపి పెట్టుకుంది. చీరలు మడిచి మూట మళ్లీ కట్టుకుంది.

“తోకచుక్క అని రాయుండ్రి సారూ. అదొస్తే జనమన్న బయటికొచ్చి చూస్తరు.”