ఓడలో రావమ్మ

ఆ శనివారానికి రామకోటేశ్వరరావు పెట్టుకున్న పనులు మూడే. పొద్దున్నే ఆటోనగర్‌లో లారీ విడిభాగాల కొట్టు తెరవాలి. మర్నాడు పెళ్ళిచూపులకు వచ్చే కూచిపూడి కుర్రాడి గురించి వాకబు చెయ్యాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావాలి. రెండో పని సంగతి ఇంట్లో చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. అతని కూతురు భానుశ్రీకి ఇదివరకు రెండు సంబంధాలు వచ్చి, రెండూ వాకబు వల్లనే పోయాయి. మొదటి పెళ్ళికొడుకు పనిచేసే ఆఫీసుకు వెళ్ళి వాచ్‌మన్‌ను అడగరానివన్నీ అడిగితే, ఆ వాచ్‌మన్ పోలీసులకు ఫోను చేశాడు. రెండో పెళ్ళికొడుకు ఊరు వెళ్ళి, మంగలి షాపులో గడ్డం గీయించుకుంటూ, ఆ కుర్రాడి జుట్టు సొంతమేనా అని విచారించాడు. పక్క కుర్చీలో సబ్బు నురగ వెనక ఉన్నది ఆ కుర్రాడి తండ్రి.

భార్య పోయాక ఆ ఇంట్లో అతనికి అడ్డు చెప్పే మనిషి భానుశ్రీ ఒక్కతే. గన్నవరం దగ్గర సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తుంది. ఇడ్లీలు వడ్డిస్తూ చెప్పింది.

"నాన్నా, ఈసారి వాకబు వద్దు. జయకృష్ణతో కొన్నాళ్ళుగా ఫోన్లో మాట్లాడుతున్నాను. నాకు నచ్చాడు. ఇది కూడా చెడిందంటే ఇంక నాకు సంబంధాలు చూడొద్దు."

"సరేనమ్మా," అన్నాడు రామకోటేశ్వరరావు. కిందటి రెండుసార్లూ ఆ మాటే అన్నాడు.

కొట్టు తెరిచేసరికి సంబంధం తెచ్చిన మధ్యవర్తి సంజీవరావు టీ కోసం సిద్ధంగా ఉన్నాడు. టీ తాగుతూ కుర్రాడి గుణగణాలు చెప్పాడు.

"పేకాట లేదండీ, మందు లేదు. శని ఆదివారాలు కంప్యూటర్లో ఏదో ఓడల ఆట ఆడుకుంటాడు. సముద్రపు దొంగల ఆటంట."

"దొంగలా?"

"ఆటేనండీ బాబూ. దేశదేశాల వాళ్ళూ ఆడతారంట. కొత్తగా వచ్చేవాళ్ళకి ఎలా ఆడాలో తెలుగులో రాసి నెట్లో పెట్టాడు కూడాను. శనివారం పొద్దున పూట కొత్తవాళ్ళని తన ఓడెక్కించుకుని నేర్పిస్తాడంట. సేవాభావం అండీ."

సంజీవరావు వెళ్ళాక రామకోటేశ్వరరావు బేరింగుల డబ్బాల వైపు చూస్తూ కాసేపు కూర్చున్నాడు. మనిషి సంగతి ప్రయాణంలో తెలుస్తుందని అతని నమ్మకం. ఓడలో వెళ్ళడం కూడా ప్రయాణమే. పైగా ఈ దారిలో వాచ్‌మన్ లేడు, మంగలి లేడు.

కొట్టులో బిల్లులు కొట్టే మరియదాసును పిలిచి సంగతి చెప్పాడు. మరియదాసు యాభై దాటిన మనిషి. యజమాని ఏం చెయ్యమన్నా, చేస్తూనే అది తప్పని చెప్పడం అతని అలవాటు.

"బిల్లుల కంప్యూటరండీ ఇది. ఓడలు మొయ్యదు," అంటూనే ఆటను దించాడు. కంప్యూటర్ చాలాసేపు మూలిగి ఒప్పుకుంది.

"మనిషిని ఎంచుకోమంటుందండీ."

"మీసాలున్నవాణ్ణి చూడు."

"మీసాలున్నాయి గానీ వీడికి ఒక కాలు కొయ్యకాలండీ."

"పర్వాలేదు. కూర్చుని మాట్లాడే పనేగా. పేరు నీది పెట్టు."

"నా పేరెందుకండీ?"

"నా పేరు వాళ్ళకి తెలుసు కదయ్యా."

జయకృష్ణ రాసిన ప్రవేశికను మరియదాసు పైకి చదివాడు. ఓడకు చిల్లు పడితే ముందు చెక్క కొట్టాలి, ఆ తరవాతే బకెట్టుతో నీళ్ళు తోడాలి. ముందు నీళ్ళు తోడేవాడు మునుగుతాడు. ఎదురొచ్చే ప్రతి ఓడా శత్రువుదే అనుకోవాలి. దొరికిన నిధిపెట్టె రేవులో అమ్మేదాకా మనది కాదు. కెప్టెన్ చెప్పనిదే లంగరు ముట్టుకోకూడదు.

"పద్ధతైన కుర్రాడు," అన్నాడు రామకోటేశ్వరరావు. "అరువుల సంగతి ఏమన్నా రాశాడా?"

"సముద్రంలో అరువు ఉండదండీ."

ప్రవేశిక చివర ఉన్న లింకు నొక్కితే అతని ఓడలో తేలారు. ఓడలో వీళ్ళు కాక ఇద్దరే ఉన్నారు. చుక్కాని దగ్గర కెప్టెన్ జయకృష్ణ. అతని పక్కనే ఎర్ర రుమాలు తలకు కట్టుకుని, నడుముకు రెండు కత్తులు దోపుకున్న ఒక ఆడమనిషి. తల మీద రావమ్మ అని పేరు కనిపిస్తోంది. మాట్లాడాలంటే టైపు చెయ్యాలి, మాటలు తెర అడుగున పడతాయి. రామకోటేశ్వరరావు చెబుతుంటే మరియదాసు కొట్టాడు.

"నమస్కారమండీ. తమరికి సిగరెట్టు అలవాటుందా?"

"స్వాగతమండీ," అని జవాబిచ్చాడు జయకృష్ణ. "ముందు తెరచాప దించండి. ఎడమవైపు తాడు."

"దించుతాం. పొద్దున ఎన్నింటికి లేస్తారు?"

తాడు సంగతి ఎవరూ చూడలేదు. ఓడ గాలికి పక్కకు తిరిగి రాతిని గుద్దుకుంది. రావమ్మ మాట్లాడకుండా కిందకు దిగి చిల్లుకు చెక్క కొట్టి, నీళ్ళు తోడి, పైకి వచ్చింది. ఇంటిపనిలో ఆరితేరిన చెయ్యిలా ఉంది. వాకబుకు ఈవిడే సరైన మనిషి అని రామకోటేశ్వరరావు గ్రహించాడు.

"అమ్మా, ఈ కెప్టెన్ అబ్బాయి ఎలాంటివాడు?"

"ఇలాంటివాడు కృష్ణా జిల్లాలో లేడు," అంది రావమ్మ.

"మీకు బాగా తెలుసా?"

"నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు."

రామకోటేశ్వరరావు మరియదాసు వైపు చూశాడు. మరియదాసు గోడ మీది కేలెండరు వైపు చూశాడు. అంతలో తెర అడుగున ఇంకో మాట పడింది. అది వీళ్ళకు కాదు, కెప్టెన్‌కు.

"టిఫిన్ తిన్నావా కృష్ణా? అంచు దగ్గరకి పోకు. రేపు నీలం చొక్కా వేసుకో. పిల్ల నచ్చకపోతే నేను చెప్తాగా."

"సరే," అన్నాడు కెప్టెన్.

"చూశావా?" అన్నాడు రామకోటేశ్వరరావు. "నా కూతుర్ని చూడ్డానికి ఏ చొక్కా వేసుకోవాలో ఈవిడ చెప్తుంది."

"అక్కచెల్లెళ్ళు ఎవరన్నా అయ్యుంటారండీ."

"ఒక్కడే కొడుకు. సంజీవరావు చెప్పాడు."

అప్పుడు వెనకనుంచి నల్లటి ఓడ ఒకటి వచ్చింది. తెరచాపలన్నీ విప్పి పారిపోదామని జయకృష్ణ అన్నాడు. సరిగ్గా అప్పుడే, కేలెండరు చూస్తున్న మరియదాసు రాహుకాలం నడుస్తోందని ప్రకటించాడు. రామకోటేశ్వరరావు రాహుకాలంలో ఏ ప్రయాణమూ మొదలుపెట్టిన మనిషి కాదు. లంగరు వేయించాడు.

"మరియదాసు గారూ, లంగరు తీయండి. వెంటపడుతున్నారు."

"రాహుకాలమండీ. దాటాక వెళ్దాం."

"రాహుకాలమా?" అంది రావమ్మ. "నేను చూసుకోలేదు. ఉండనీ కృష్ణా, బయల్దేరొద్దు."

కెప్టెన్ బయల్దేరలేదు. నల్ల ఓడ వచ్చి ఆనుకుంది, కత్తులతో ముగ్గురు ఎక్కారు. గుమ్మంలోకి వచ్చినవాళ్ళను పలకరించకుండా ఉండటం రామకోటేశ్వరరావుకు అలవాటు లేదు. "రండి, ఏం కావాలండీ?" అని టైపు చేయించాడు. వాళ్ళు అతన్నే ముందు నరికారు. రావమ్మ ఆ ముగ్గురినీ ఒక్కతే సముద్రంలోకి తోసింది గానీ, అప్పటికే ఫిరంగి దెబ్బలకు అడుగు పగిలింది. ఓడ నిధిపెట్టెతో సహా మునిగిపోయింది. మునిగేదాకా కెప్టెన్ ఆమె వెనకే నిలబడి ఉన్నాడు.

రామకోటేశ్వరరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కుర్రాడు ఇంకో ఆడదాని చెప్పుచేతల్లో ఉన్నాడని అతనికి రూఢి అయింది. సంజీవరావుకు ఫోను చేశాడు.

"రావమ్మ ఎవరు?"

"ఏ రావమ్మండీ?"

"అది నువ్వే కనుక్కుని చెప్పు."

సంజీవరావు కనుక్కునే పద్ధతి కూచిపూడి సెంటర్లో టీ కొట్టు ముందు నిలబడి గట్టిగా అడగడం. ఆ ఊళ్ళో రావమ్మలు ముగ్గురు తేలారు. ఒకావిడ మంచం దిగలేని ముసలమ్మ. ఒకావిడ పెళ్ళికొడుకు నాయనమ్మ, పోయి చాలా కాలమైంది. మూడో ఆవిడ భర్త లారీ డ్రైవరు. పెళ్ళికొడుకుకూ తన భార్యకూ ఏదో ఉందని విజయవాడలో రామకోటేశ్వరరావు కొట్టులో ఎవరో అన్నారన్న వార్త అతనికి ఫోన్లో అందింది. ఆ సమయానికి అతను లారీ మరమ్మతు కోసం ఆటోనగర్‌లోనే ఉన్నాడు. జాకీ రాడ్డుతో కొట్టుకు వచ్చాడు.

"మా ఆవిడ పేరెత్తింది ఎవరండీ ఇక్కడ?"

"ఓడలో ఉన్నది మరియదాసు," అన్నాడు రామకోటేశ్వరరావు. అది అబద్ధం కాదు.

మరియదాసు వెనక గోడౌన్‌లోకి వెళ్ళి టైర్ల మధ్య కూర్చున్నాడు. డ్రైవరుకు ఓడ సంగతి ఎంత చెప్పినా అర్థం కాలేదు. చివరికి ఒక గాస్కెట్ సెట్టు ఊరికే పుచ్చుకుని శాంతించాడు. రామకోటేశ్వరరావు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళలేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి సంజీవరావు ఫోను తనకంటే ముందు వెళ్ళింది.

"వాకబు చేశావా నాన్నా?" అంది భానుశ్రీ.

"లేదమ్మా. ఓడెక్కాను."

జరిగింది చెప్పాడు. రావమ్మ అన్న మాటలు ఒక్కటీ వదలకుండా అప్పజెప్పాడు. రేపు రావద్దని చెప్పేస్తానన్నాడు.

"రానివ్వు," అంది భానుశ్రీ. "నీలం చొక్కాలో వస్తే నేనే అడుగుతాను."

ఆదివారం పొద్దున బందరు కాలువ అవతల ఉన్న ఆ ఇంటికి కూచిపూడి వాళ్ళ కారు వచ్చింది. జయకృష్ణ నీలం చొక్కాలో దిగాడు. అతని తల్లి పద్మావతమ్మ ముందు నడిచింది. తండ్రి వెనక నడిచాడు. ఆయన చేత మాట్లాడించే అవసరం ఎవరికీ రాలేదు. సంజీవరావు అందరినీ కూర్చోబెట్టాడు. భానుశ్రీ కాఫీలు ఇచ్చి, ఎదురుగా కూర్చుని, చొక్కా వైపు చూసింది. ఆమె నోరు తెరిచేలోగా రామకోటేశ్వరరావే తెరిచాడు.

"బాబూ, రావమ్మ ఎవరు?"

జయకృష్ణ తల్లి వైపు చూశాడు. పద్మావతమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"నేనేనండీ," అంది.

సంజీవరావు తన గ్లాసు కూడా కింద పెట్టాడు.

"రావమ్మ మా అత్తగారి పేరు. ఆవిడకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు, అందుకని ఓడలో ఆ పేరు పెట్టుకున్నాను. మావాడికి జాతకంలో నీటి గండం ఉందండీ. ముప్పయ్యో ఏడు వచ్చేదాకా నీళ్ళ దగ్గరకి ఒంటరిగా పంపొద్దన్నారు. పుష్కరాలకి కూడా చెంబుతోనే తల తడిపాను. ఇంట్లో కూర్చుని సముద్రం మీదకి పోతానంటే ఎలా వదిలేది?"

"అది కంప్యూటర్ కదండీ," అంది భానుశ్రీ.

"నీళ్ళు నీళ్ళేనమ్మా. ఇందాక మీ వీధికి వచ్చేటప్పుడు కాలువ వంతెన మీద కూడా నేనే చెయ్యి పట్టుకున్నాను, కార్లోనే అనుకో." ఆవిడ రామకోటేశ్వరరావు వైపు తిరిగింది. "లంగరు వేసిన మరియదాసు మీరేనా అన్నయ్యగారూ? మీ మూలంగా మునిగాం. అయినా పర్వాలేదు. రాహుకాలం పట్టింపున్న ఇల్లు. నాకు నచ్చింది."

రామకోటేశ్వరరావు ముఖం విప్పారింది. వాకబు చేస్తే ఒక సంబంధంలో మంచి తేలడం అతని జీవితంలో ఇదే మొదటిసారి.

"తల్లీకొడుకులా," అన్నాడు. "నేనింకా ఏమోననుకున్నాను చెల్లెమ్మా. అంత శ్రద్ధ ఈ రోజుల్లో ఎవరికుంది? తాంబూలాలకి రోజు చూడవయ్యా సంజీవరావూ."

భానుశ్రీ జయకృష్ణను అడిగింది.

"మీరు ఎప్పుడన్నా ఒక్కరే ఓడ నడిపారా?"

అతను మళ్ళీ తల్లి వైపు చూశాడు.

"వాడెందుకు నడపాలమ్మా? నేనున్నానుగా," అంది పద్మావతమ్మ.

"ఇంకా రెండేళ్ళేనండీ," అన్నాడు జయకృష్ణ, మెల్లగా. "ముప్పై వచ్చేస్తాయి."

"ఆ తరవాత అగ్ని గండం ఉంది," అంది పద్మావతమ్మ. "నీకు చెప్పలేదు, భయపడతావని."

భానుశ్రీ లేచి ఖాళీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుంది. రామకోటేశ్వరరావు ఆమె వెనకే వంటింట్లోకి వెళ్ళాడు.

"ఏంటమ్మా ఇది? ఇంకో ఆడది కాదు, కన్నతల్లి. నేనే ఒప్పుకుంటుంటే నీకేంటి?"

"ఇంకో ఆడదైతే వెళ్ళగొట్టొచ్చు నాన్నా."

నిన్న తనే వద్దన్న సంబంధాన్ని అతను ఈరోజు కావాలని బతిమాలాడు. నిన్నటిదాకా కావాలన్న అమ్మాయి గ్లాసులు కడుగుతూ కూర్చుంది. కబురు చేస్తామని చెప్పి కూచిపూడి వాళ్ళను పంపారు. సంజీవరావు మాత్రం వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"వాళ్ళకి ఏం చెప్పమంటావమ్మాయ్?"

"సముద్రాలు అక్కర్లేదని చెప్పండి బాబాయిగారూ. బందరు కాలువ వంతెన మీద ఆయన ఒక్కడే నడిచి రావాలి. వచ్చిన రోజే తాంబూలాలు పెట్టుకుందాం."

జయకృష్ణ ఇంకా రాలేదు. పద్మావతమ్మ మాత్రం రెండుసార్లు వచ్చి కాలువ లోతు చూసి వెళ్ళింది.