అరకిలో సముద్రం

ఆ ఆదివారం పొద్దున పెద్దాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. అద్దాల తొట్టిలోంచి ఒక బకెట్టు పాత నీళ్లు తీసెయ్యాలి. ఒక బకెట్టు కొత్త ఉప్పునీళ్లు పొయ్యాలి. కూతురు ఆసుపత్రిలో డ్యూటీ దిగి ఇంటికొచ్చేలోపల చేతులు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు పేపరు పట్టుకుని కూర్చోవాలి. మూడింటిలోకీ మూడోదే ముఖ్యం.

ఎందుకంటే ఆ ఇంట్లో ఉప్పు అన్న మాట పైకి అనడానికి కూడా గుండె ధైర్యం కావాలి. పెద్దాయన ఒకప్పుడు ఫ్యాక్టరీ క్యాంటీనులో హెడ్ కుక్కు. గంగాళమంత కూరైనా సరే, ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని నాకి, "ఇంకో గుప్పెడు" అనో, "ఎవడ్రా ఇలా కుమ్మరించింది?" అనో తేల్చేసిన మనిషి. అలాంటివాడికి బీపీ వచ్చింది. పైవాటాలో ఉండే డాక్టరమ్మ ఉప్పు తగ్గించమంది. కూతురు నర్సు కాబట్టి ఏకంగా మాన్పించేసింది. వంటింట్లో ఉప్పు జాడీ ఖాళీ అయింది. అందులోని ఉప్పు ఒక మామూలు కవరులోకి మారి, బీరువాలో చీరల వెనక్కి చేరింది. మొగుడి వంతు కూరలోకి చిటికెడు కావాలన్నా ఆవిడ బీరువా తాళం తియ్యాల్సిందే. ఆ మొగుడు, అంటే అల్లుడు, కళ్లద్దాల కొట్లో పనిచేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి.

ఇక తొట్టి సంగతి. భార్య పోయిన తర్వాత పెద్దాయన మాట్లాడటం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, లేకపోతే లేదు. చూసి చూసి అల్లుడే ఒకరోజు ఈ తొట్టి తెచ్చి హాల్లో పెట్టించాడు. ఇసుక, రాళ్లు, రెండు చారల చేపలు, పై రాతి మీద చిన్న ఊదారంగు పగడం. ఆ పగడం వేళ్లు చాపినట్టు విచ్చుకుంటుంటే పెద్దాయన ఎన్నో నెలల తర్వాత నోరు విప్పి, "ఇదిగో, లేచింది" అన్నాడు. అప్పటినుంచి దానికి చిన్నమ్మి అని పేరు పెట్టి రోజూ కబుర్లు చెబుతున్నాడు. దాంతో మాట్లాడి మాట్లాడి మనుషులతోనూ మాట్లాడటం మొదలుపెట్టాడు. చిన్నమ్మికి ఏమన్నా అయితే ఆయన మళ్లీ గోడకేసి చూస్తూ కూర్చుంటాడని అల్లుడికి భయం.

ఇన్నాళ్లూ చేపల కొట్టాయనే ఉప్పునీళ్లు కలిపి డబ్బాతో తెచ్చిచ్చేవాడు. మొన్న ఆయనకు నడుం పట్టేసింది. "ఇక నా వల్ల కాదు, ఉప్పు కొనుక్కెళ్లి మీరే కలుపుకోండి" అని చేతులెత్తేశాడు. అందుకే అల్లుడు పొద్దున్నే ఆ కొట్లో నిలబడి ఫోను చేశాడు.

"మామయ్యగారూ, ఇక్కడ రెండు రకాలున్నాయండీ. ఒకటి ఉత్త చేపలకట. రెండోదాంట్లో సున్నం ఎక్కువట, పగడాలు దాంతోనే ఒళ్లు కట్టుకుంటాయట. ఏది తెమ్మంటారు?"

"చూడకుండా ఎలా చెప్తానయ్యా! శాంపిల్ పట్రా. రెండూ కాస్త కాస్త."

"కాస్త అంటే?"

"అరకిలో చొప్పున."

క్యాంటీను గంగాళాలు కలిపిన చేతికి అరకిలో అంటే చిటికెడే మరి. కొట్టాయన రెండు తెల్ల కవర్లలో పోసిచ్చాడు. ఏది ఏదో మరిచిపోకుండా అల్లుడు పగడాల ఉప్పును కుడిచేత్తో, చేపల ఉప్పును ఎడమచేత్తో పట్టుకుని, దారిలో ముక్కు దురద పెట్టినా చెయ్యి మార్చకుండా ఇంటికొచ్చాడు.

వచ్చేసరికి పెద్దాయన తొట్టిలోంచి బకెట్టు నీళ్లు తోడి పారబోసేశాడు. బియ్యం రాకముందే ఎసరు పెట్టేయడం ఆయనకు క్యాంటీను నాటి అలవాటు. వెంటనే రెండు స్టీలు గ్లాసుల్లో రెండు ఉప్పులూ కలిపి, బల్ల మీద కుడివైపు పగడాలది, ఎడమవైపు చేపలది పెట్టుకున్నాడు. ఒక చుక్క అరచేతిలో వేసుకున్నాడు. నాలుక చాపాడు.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. కూతురు ఆ రోజు గంట ముందే వచ్చేసింది.

"నాన్నా! ఏంటది?"

పెద్దాయన పై ప్రాణాలు పైనే పోయాయి. చేపల కోసమని చెప్పేస్తే పోయేదే. కానీ అరచెయ్యి నాకుతూ దొరికినవాడు చేపల కోసమంటే ఎవరు నమ్ముతారు? అల్లుడు జన్మలో మొదటిసారి చొరవ తీసుకున్నాడు.

"గ్లూకోజే. మామయ్యగారికి కాస్త నీరసంగా ఉందంటేనూ..."

"అమ్మయ్య! నాకూ ఒళ్లు తూలిపోతోంది, ఇటివ్వండి" అంటూ ఆవిడ కుడివైపు గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది.

రెండు గుక్కలు లోపలికి వెళ్లాయి. మూడోది బల్లమీదా, పేపరు మీదా, మొగుడి చొక్కామీదా పడింది.

"ఉప్పు! కషాయంలాంటి ఉప్పు! మామా అల్లుళ్లు ఇద్దరూ కలిసి నా వెనక ఇదా చేస్తున్నది?"

"అది సముద్రపు ఉప్పే..." అని అల్లుడు నసిగాడు.

"సముద్రందైతే బీపీ రాదా? నేను లేనప్పుడు రోజూ ఇంతేనన్నమాట! నోరు చప్పబడిందని ఆయన అడగడం, జాలి పడిపోయి మీరు తెచ్చివ్వడం!"

ఆవిడ రెండు కవర్లూ లాక్కుని, రెండో గ్లాసు సింకులో కుమ్మరించి, కవర్లను బీరువాలో చీరల వెనక్కి విసిరి తాళం వేసింది. అంతటితో ఆగకుండా పైవాటాకి ఫోను చేసింది. "డాక్టరమ్మగారూ, ఒక్కసారి మిషను తీసుకుని రండి. మీ పేషెంటు గ్లాసుల్లో ఉప్పు కలుపుకుని తాగుతున్నాడు!"

డాక్టరమ్మ బీపీ మిషనుతో పరుగున దిగొచ్చింది. కంగారులో ఒక కాలికి ఒక చెప్పు, రెండో కాలికి ఇంకో రకం చెప్పు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడటంతో ఆవిడకు ఎవరు ఏం తాగారో బోధపడలేదు.

ఈ గొడవలో తొట్టి గురగురమంది. నీళ్లు తగ్గి, పంపు గాలి పీలుస్తోంది. పై రాతి మీది పగడం సగం బయటపడి, వేళ్లన్నీ ముడుచుకుంది.

"అమ్మా, నన్ను తర్వాత తిడుదువుగాని" అన్నాడు పెద్దాయన. "ముందు దాన్ని చూడు. నీళ్లు కలపకపోతే ఎండిపోతుందే."

తొట్టిలో తగ్గిన నీటిమట్టం చూశాక గాని కూతురికి అసలు సంగతి అర్థం కాలేదు. అల్లుడు దగ్గరికొచ్చి మెల్లగా, "అది పోతే మీ నాన్న మళ్లీ మాట మానేస్తాడే" అన్నాడు. ఆవిడ ఇంకేమీ అనకుండా వెళ్లి బీరువా తెరిచింది.

ముందుగా చీరల మధ్యలోంచి ఉప్పు చిప్సు ప్యాకెట్లు జలజలా రాలిపడ్డాయి. "అవి వార్డులో పిల్లలకి" అంది ఆవిడ, ఎవరూ అడగకపోయినా. తర్వాత కవర్లు. రెండు కాదు, మూడు. మూడూ తెల్లవే, మూడింట్లోనూ తెల్లటి పొడే. మూడోది వంటింటి ఉప్పు. అది గనక తొట్టిలో పడిందా, పగడం పని అంతే.

"ఇందులో ఏముంది! నాలుక మీద వేసుకుంటే చెప్పేస్తాను" అన్నాడు పెద్దాయన. కూతురు డాక్టరమ్మ వంక చూసింది. డాక్టరమ్మ, "చిటికెడులో సగం" అంది.

ఆయన ఒకటి రుచి చూశాడు. రెండోది చూశాడు. మూడోది చూసి, మళ్లీ మొదటిదానికి వచ్చాడు. మొహం చిన్నబోయింది.

"అన్నీ ఒకేలా భగ్గుమంటున్నాయమ్మా" అన్నాడు. "ఉప్పు మానేశాక... నా నాలుకకి తెలియట్లేదు."

తొట్టి ఇంకా గురగురమంటోంది. కూతురు "ఇటివ్వు నాన్నా" అని కవర్లు తీసుకుని, ఒక్కోదాంట్లో వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"ఇది మన వంటింటిది, సందేహం లేదు. ఇది కాస్త చేదుగా ఉంది. ఇదీ... ఛీ! ఇదే నేను ఇందాక తాగింది! చచ్చేదాకా మర్చిపోను. నేను తాగిన గ్లాసు ఏ పక్కది?"

"కుడిపక్కది!" అని మామా అల్లుళ్లు ఒక్కసారే అరిచారు. "పగడాలది!"

బకెట్టులో నీళ్లు, నీళ్లలో ఉప్పు, దాన్ని కలిపే చిన్న పంపు పడ్డాయి. "చూశారా, నా కూతురి నాలుక!" అని పెద్దాయన డాక్టరమ్మతో మురిసిపోయాడు. "చూశాను" అంది డాక్టరమ్మ. ఆవిడ చూపు మాత్రం చిప్సు ప్యాకెట్ల మీద ఉంది.

బకెట్టులో నీళ్లు తిరుగుతుండగా ఆవిడ పెద్దాయన చేతికి పట్టీ చుట్టి, "భేషుగ్గా ఉంది, కుర్రాడిలా ఉన్నారు" అంది. ఆ వెంటనే పట్టీని కూతురి చేతికి చుట్టబోయింది.

"నాకెందుకండీ?"

"వచ్చాను కదా, ఊరికే."

మిషను కీచుమంది. డాక్టరమ్మ అంకె రెండోసారి చూసుకుంది. "ఇది రెండు గుక్కల సముద్రంతో వచ్చింది కాదమ్మా. నీకు ముందే తెలుసు కదూ?"

నర్సు కాబట్టి ఆవిడ అబద్ధం చెప్పలేకపోయింది. "పోయిన నెల చూసుకున్నాను" అంది తల వంచుకుని. "నాన్నని చూసుకోవడంలో పడి..."

ఎగతాళి చేసే అవకాశం వచ్చింది గాని, పెద్దాయన చెయ్యలేదు. కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "మొదట్లో ఏడుపొస్తుందమ్మా. తర్వాత అలవాటైపోతుంది. నేను లేనూ?" అన్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ కొంగుముడి విప్పి, బీరువా తాళం ఆయన చేతిలో పెట్టింది.

నీళ్లు తేరుకున్నాక ముగ్గురూ బకెట్టు పట్టుకుని చెంబుతో మెల్లగా తొట్టిలో పోశారు. సాయంత్రానికి చిన్నమ్మి ఒక్కొక్క వేలే చాచింది. "ఇదిగో, లేచింది" అన్నాడు పెద్దాయన. అప్పుడు ఆయన పక్కనే కూతురు కూడా చప్పటి బిస్కెట్టు కొరుకుతూ కూర్చుని ఉంది.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో వేళకు, సరిపడా ఉప్పు అందుతున్నది తొట్టిలోవాళ్లకు మాత్రమే.